ధర ఎవరు మార్చారో డేటాబేసే చెప్పాలంటే: ట్రిగ్గర్లతో ఆడిట్ లాగ్

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. పలాసలో జీడిపిక్కలు కొని పప్పు తీసి అమ్మే ఒక వ్యాపారానికి మీరు సాఫ్ట్‌వేర్ చూస్తున్నారు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, టేబుల్స్ 12, వాడేవాళ్లు 15 మంది. ఉద్దానం రైతు ఒకాయన పిక్కలు తూచినప్పుడు రాసుకున్న బస్తా ధర ఒకటి, డబ్బు ఇవ్వబోయే రోజుకి సిస్టమ్‌లో కనిపించిన ధర ఇంకొకటి. మధ్యలో ఎవరు మార్చారో తెలియదు. షావుకారు గారి అనుమానం 20 ఏళ్లుగా ఉన్న గుమస్తా గారి మీద పడింది. ఇకమీదట ఎవరు ఏం మార్చినా తెలిసేలా ట్రిగ్గర్లు (టేబుల్‌లో ఏదైనా మారగానే డేటాబేస్ తనంతట తానే నడిపే చిన్న ప్రోగ్రాములు) పెడితే చాలా, అప్లికేషన్‌లోనే రాసుకోవాలా, సిస్టమ్ నెమ్మదిస్తుందా అన్నది మీ సందేహం.

ట్రిగ్గర్లే పెట్టండి. కానీ ట్రిగ్గర్‌కు ఏం మారిందో, ఎప్పుడు మారిందో తెలుస్తుంది. ఎవరు మార్చారో దానంతట దానికి తెలియదు. మీ అప్లికేషన్ 15 మంది తరఫునా డేటాబేస్‌లోకి ఒకే యూజర్ పేరుతో వెళ్తుంది కదా. ట్రిగ్గర్‌కు కనిపించేది ఆ ఒక్క పేరే. మీకు కావాల్సిందేమో మనిషి పేరు. నేను 17 ఏళ్లుగా విజయనగరంలో ఉండి మిల్లులకు, గోడౌన్లకు ఇదే పని చేస్తున్నాను. చూసిన ఆడిట్ లాగ్‌లలో (మార్పుల చిట్టాలలో) ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే పనికిరాకుండా పోయాయి. అందుకే ఈ సమాధానంలో సగం దాని గురించే ఉంటుంది.

అంతకంటే ముందు, జరిగిపోయిన దాని సంగతి. ట్రిగ్గర్ పెట్టిన క్షణం నుంచే చూస్తుంది, వెనక్కి చూడలేదు. కానీ మీ దగ్గర రోజువారీ బ్యాకప్‌లు ఉంటే వాటిని వేరే కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా తెరిచి ఆ ఒక్క రికార్డును పోల్చి చూడండి. ఏ రాత్రి బ్యాకప్ వరకు పాత ధర ఉంది, ఏ రాత్రి నుంచి కొత్త ధర ఉంది అన్నది తేలుతుంది. ఇంకో దారి కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి రికార్డుకూ ఎక్స్‌మిన్ అనే దాగి ఉన్న కాలమ్ ఉంటుంది. ఆ రికార్డును చివరిసారి రాసిన ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని మార్పుల కట్ట) నంబర్ అది. ట్రాక్ కమిట్ టైమ్‌స్టాంప్ అనే సెట్టింగ్ అప్పటికే ఆన్‌లో ఉండి ఉంటే ఆ నంబర్ పట్టుకుని టైమ్ కూడా తీయొచ్చు. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది, పైగా ధర మారిన తర్వాత అదే రికార్డును ఇంకెవరైనా ముట్టుకుంటే పాత నంబర్ పోతుంది. ఏ దారిలో వెళ్లినా మీకు దొరికేది రోజు, మహా అయితే మారిన టైమ్. మనిషి పేరు దొరకదు. ఆ సంగతి షావుకారు గారికి స్పష్టంగా చెప్పండి. ఆ రోజు గుమస్తా గారు డ్యూటీలో ఉన్నారన్నది రుజువు కాదు. 20 ఏళ్ల నమ్మకం దాని మీద తెగిపోకూడదు.

అప్లికేషన్‌లో రాయడమా, డేటాబేస్‌లో రాయడమా అన్నదానికి నా జవాబు ఇది. అప్లికేషన్‌లో రాస్తే, ప్రోగ్రామర్ రాయడం గుర్తుపెట్టుకున్న చోట మాత్రమే లాగ్ పడుతుంది. రేపు మీరే మొబైల్ యాప్ ఒకటి చేస్తారు. ఎల్లుండి ఎవరో ఎక్సెల్ నుంచి ధరలు లోడ్ చేసే స్క్రిప్ట్ రాస్తారు. ఒక రాత్రి అర్జెంటని మీరే పీజీ అడ్మిన్ (డేటాబేస్‌ను నేరుగా చూసి మార్చే ప్రోగ్రామ్) తెరిచి నేరుగా ఒక అప్‌డేట్ కొడతారు. వీటిలో ఏదీ అప్లికేషన్ లాగ్‌లో కనిపించదు. ఇంటికి ఎన్ని దారులున్నా లోపలికి రావాలంటే గడప దాటాల్సిందే. ట్రిగ్గర్ కూర్చునేది ఆ గడప మీద.

ఇది షావుకారు గారి కోసం మాత్రమే కాదు, చట్టం కోసం కూడా. సీజీఎస్టీ (కేంద్ర వస్తు, సేవల పన్ను) రూల్స్ 2017లో 56వ రూల్, 8వ ఉపనిబంధన చూడండి. లెక్కల పుస్తకాల్లో రాసినదాన్ని చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. తప్పు పడితే కొట్టివేసి, సంతకం పెట్టి, పక్కన సరైనది రాయాలి. లెక్కలు కంప్యూటర్‌లో ఉంటే మార్చిన, తీసేసిన ప్రతి ఎంట్రీకీ లాగ్ ఉంచాలి. రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి వ్యాపారికీ ఇది వర్తిస్తుంది, కంపెనీయే కానక్కరలేదు. మీది కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన సంస్థ అయితే ఇంకో మెట్టు ఎక్కువ: 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు, ఏడాది పొడవునా అది పనిచేసిందా అని ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి. మన పాత గుమస్తాలు చిట్టా, ఆవర్జాలలో చేసిన పద్ధతే ఇదంతా. అంకె తప్పు పడితే అడ్డంగా ఒక గీత, పాత అంకె కనిపిస్తూనే ఉండేది, పక్కన చిన్న సంతకం. మీరు కట్టబోయే టేబుల్ ఆ గీతకు, ఆ సంతకానికి బదులు. డిజైన్‌లో ఎప్పుడు సందేహం వచ్చినా ఆ పుస్తకాన్ని గుర్తు తెచ్చుకోండి: పాత అంకె కనిపిస్తోందా, సంతకం ఉందా?

ఇక కట్టడం. ఆడిట్ అనే పేరుతో వేరే స్కీమా (టేబుల్స్‌ను ఉంచే విడి అర) పెట్టండి. అందులో అన్ని టేబుల్స్‌కీ కలిపి ఒక్క టేబుల్ చాలు. కొందరు ప్రతి టేబుల్‌కీ ఒక నీడ టేబుల్ పెడతారు. అసలు టేబుల్‌లో ఒక కాలమ్ చేర్చిన ప్రతిసారీ నీడలోనూ చేర్చాలి, మర్చిపోయిన రోజు అంతా ఆగిపోతుంది. ఒక్క టేబుల్‌లో పాత రికార్డు మొత్తాన్ని, కొత్త రికార్డు మొత్తాన్ని జేసన్‌బీ (కాలమ్ పేరు, దాని విలువ జంటలుగా రాసే పద్ధతి) రూపంలో దాచుకుంటే కాలమ్‌లు ఎన్ని మారినా దానికి పట్టదు. 2014 చివర్లో 9.4 వెర్షన్‌తో జేసన్‌బీ వచ్చింది, కాబట్టి మీ వెర్షన్‌లో ఉండే ఉంటుంది. ఏ టేబుల్, ఏ రికార్డు కీ (దాని గుర్తింపు నంబర్), చేసిన పని ఇన్సర్టా అప్‌డేటా డిలీటా (చేర్చడమా, మార్చడమా, తీసేయడమా), పాత రూపం, కొత్త రూపం, టైమ్, ట్రాన్సాక్షన్ నంబర్, డేటాబేస్ యూజర్, అసలు మనిషి, ఏ కంప్యూటర్ నుంచి, కారణం. ఇవీ కాలమ్‌లు. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, మీరు వదలొద్దు. ధర మార్చే స్క్రీన్‌లో కారణం రాయనిదే సేవ్ అవ్వకూడదు. 'తేమ ఎక్కువుందని తగ్గించాం' అని ఆ రోజు ఎవరైనా రాసి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

టైమ్ విషయంలో ఒక మాట. నౌ అనే ఫంక్షన్ ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్ ఇస్తుంది, అందులో పది మార్పులు జరిగినా పదింటికీ అదే టైమ్. క్లాక్ టైమ్‌స్టాంప్ ఆ క్షణపు గడియారం ఇస్తుంది. రెండూ దాచుకోండి, జాగా ఎంతో పట్టదు. రెండిటికీ టైమ్‌జోన్ ఉన్న రకమే వాడండి.

ట్రిగ్గర్ ఫంక్షన్ కూడా ఒక్కటే రాసి 12 టేబుల్స్‌కీ తగిలించొచ్చు. ఏ టేబుల్ మీద, ఏ పని మీద తనను పిలిచారో ఆ ఫంక్షన్‌కు టీజీ టేబుల్ నేమ్, టీజీ ఆప్ అనే వేరియబుల్స్‌లో అందుతుంది. పాత రికార్డు ఓల్డ్‌లో, కొత్తది న్యూలో ఉంటాయి. రెండింటినీ టు జేసన్‌బీకి ఇచ్చి ఆడిట్ టేబుల్‌లోకి ఇన్సర్ట్ చేస్తే పని అయినట్టే. దీన్ని ఆఫ్టర్ ట్రిగ్గర్‌గా (మార్పు జరిగాక నడిచేదిగా), ప్రతి రికార్డుకూ నడిచేలా పెట్టండి. బిఫోర్‌గా (మార్పుకు ముందే నడిచేదిగా) మాత్రం పెట్టొద్దు. ఎందుకంటే బిఫోర్ ట్రిగ్గర్లు పేర్ల అక్షర క్రమంలో ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. మీది నడిచాక ఇంకోటి వచ్చి ధరను సవరిస్తే, మీ లాగ్‌లో ఒకటి, టేబుల్‌లో ఇంకొకటి ఉంటుంది. ఇంకో ప్రమాదం అంతకంటే పెద్దది. బిఫోర్ ట్రిగ్గర్ నల్ (ఏ విలువా లేదని చెప్పే గుర్తు) తిరిగి ఇస్తే పోస్ట్‌గ్రెస్ ఆ పనినే మానేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. డిలీట్ అప్పుడు న్యూ నల్‌గా ఉంటుంది కాబట్టి అన్నిటికీ రిటర్న్ న్యూ అని రాసిన ఫంక్షన్‌ను బిఫోర్‌గా పెడితే డిలీట్‌లన్నీ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి. రికార్డు ఎందుకు పోవట్లేదో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నవాళ్లను చూశాను. ఆఫ్టర్ ట్రిగ్గర్‌లో తిరిగి ఇచ్చేదాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఆ బాధ లేదు.

అప్‌డేట్ ట్రిగ్గర్‌కు ఒక షరతు తగిలించండి: పాత రికార్డు, కొత్త రికార్డు వేరుగా ఉంటేనే నడవాలి. ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ అనే పోలికే వాడాలి, మామూలు నాట్ ఈక్వల్ వాడితే నల్‌లు ఉన్నచోట మోసపోతారు. ఈ షరతు లేకపోతే గుమస్తా స్క్రీన్ తెరిచి ఏమీ మార్చకుండా సేవ్ నొక్కిన ప్రతిసారీ ఒక ఎంట్రీ పడుతుంది. 'చివరగా మార్చిన టైమ్' లాంటి కాలమ్ మీ టేబుల్స్‌లో ఉంటే పోల్చేముందు దాన్ని తీసేయాలి, లేదంటే ప్రతి సేవ్ మార్పుగానే కనిపిస్తుంది. ఆ పని ట్రిగ్గర్ షరతులో కంటే ఫంక్షన్ లోపల తేలిక: రెండు జేసన్‌బీల నుంచి ఆ కాలమ్ పేరు మైనస్ చేసి పోల్చడమే.

పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి తీసిన కోడ్), రైతుల ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా లాంటివి కూడా అలాగే మైనస్ చేయండి. లేదంటే అసలు టేబుల్‌కు ఎంత తాళం వేసినా అవన్నీ ఆడిట్ టేబుల్‌లో పాత, కొత్త కాపీలతో పరుచుకుని ఉంటాయి. ఖాతా నంబర్ మారిందన్న సంగతి తెలియాలి అనుకుంటే, మారిందని ఒక గుర్తు, చివరి నాలుగు అంకెలు చాలు.

ఇప్పుడు మనిషి పేరు. పోస్ట్‌గ్రెస్‌లో మన సొంత సెట్టింగ్ ఒకటి పెట్టుకోవచ్చు. అప్లికేషన్ ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో సెట్ కాన్ఫిగ్ అనే ఫంక్షన్‌తో ఆ సెట్టింగ్‌లో లాగిన్ అయిన మనిషి నంబర్ పెడుతుంది. ట్రిగ్గర్ కరెంట్ సెట్టింగ్‌తో దాన్ని చదువుకుంటుంది. ఇంతే. కానీ సెట్ కాన్ఫిగ్‌లో మూడో విలువ ట్రూ అయి తీరాలి. ట్రూ అంటే ఆ ట్రాన్సాక్షన్‌తో ఆ పేరు పోతుంది. ఫాల్స్ అంటే ఆ కనెక్షన్ ఉన్నంతసేపు ఉంటుంది. మీ అప్లికేషన్ కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్లను అందరూ పంచుకునే ఏర్పాటు) వాడుతుంటే ఒకరు వాడి వదిలిన కనెక్షన్ మరు నిమిషంలో ఇంకొకరికి వెళ్తుంది. ఫాల్స్ పెట్టారా, కాటా దగ్గర అబ్బాయి పేరు కనెక్షన్‌లో మిగిలిపోయి, తర్వాత వచ్చిన మేనేజర్ చేసిన మార్పు ఆ అబ్బాయి ఖాతాలో పడుతుంది. లాగ్‌లో పేరు లేకపోతే ఎవరో తెలియదని ఊరుకుంటాం. తప్పు పేరు ఉంటే ఒక మనిషి ఉద్యోగం పోతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం దీని గురించే.

ఇక్కడే చిన్న మెలిక ఉంది, గుర్తుపెట్టుకోండి. ఒక కనెక్షన్‌లో ఆ సెట్టింగ్‌ను ఒకసారి వాడి ట్రాన్సాక్షన్ ముగిశాక అది మళ్లీ నల్ అవ్వదు, ఖాళీ స్ట్రింగ్ అవుతుంది. నల్ ఉందా అని మాత్రమే చూస్తే పేరు ఉందనుకుని ఖాళీని రాసేస్తుంది. కాబట్టి నల్ఇఫ్ వాడి ఖాళీని నల్‌గా మార్చుకున్నాకే చూడండి. నల్ వస్తే ఏం చేయాలన్నది మీ నిర్ణయం. నేనైతే డబ్బుకు సంబంధించిన టేబుల్స్‌లో అప్లికేషన్ యూజర్‌తో వచ్చి మనిషి పేరు ఇవ్వని మార్పును ఎక్సెప్షన్ (ఎర్రర్) వేసి ఆపేస్తాను. మొదటి వారం ప్రోగ్రామర్‌కు టెన్షనే, పేరు పెట్టడం మర్చిపోయిన చోట్లన్నీ వరుసగా బయటపడతాయి. అవి బయటపడాలనే కదా మనం పెట్టింది.

నేరుగా పీజీ అడ్మిన్ నుంచి వచ్చేవాళ్లకు డేటాబేస్ యూజర్ పేరే ఆధారం. దానికి కరెంట్ యూజర్ కాకుండా సెషన్ యూజర్ రాసుకోండి. ట్రిగ్గర్ ఫంక్షన్‌ను సెక్యూరిటీ డిఫైనర్‌గా (పిలిచినవాళ్ల హక్కులతో కాక సొంతదారు హక్కులతో నడిచేలా) పెట్టమని కింద చెప్తాను. అలా పెట్టినప్పుడు కరెంట్ యూజర్ అడిగితే ఎప్పుడూ ఫంక్షన్ సొంతదారు పేరే వస్తుంది.

ఇదంతా పకడ్బందీగా చేశాక కూడా ఆఫీసులో నలుగురూ ఒకే లాగిన్ వాడుతుంటే మీ శ్రమ వృథా. మార్చి నుంచి మే దాకా సీజన్‌లో గేటు దగ్గర ఆటోలు, వ్యాన్లు బారులు తీరి ఉంటాయి. కాటా దగ్గర కంప్యూటర్ పొద్దున ఎవరో ఒకరు తెరిస్తే రాత్రి దాకా అదే లాగిన్ నడుస్తుంది. అది వాళ్ల తప్పు కాదు. పది అక్షరాల పాస్‌వర్డ్ ప్రతిసారీ కొట్టమంటే ఎవరూ కొట్టరు. మనిషికో నాలుగంకెల పిన్ ఇచ్చి, తూకం మామూలుగా నడవనిచ్చి, ధర మార్చేటప్పుడు, అడ్వాన్సు రాసేటప్పుడు మాత్రం పిన్ అడగండి. ఈ సంగతి షావుకారు గారే అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి, ఇది మిమ్మల్ని పట్టుకోవడానికి కాదు, ఇంకొకరు చేసింది మీ మీద పడకుండా ఉండడానికి అని. గుమస్తా గారి ఉదంతం తర్వాత ఆ మాట వాళ్లకు బాగా అర్థమవుతుంది.

తర్వాత తాళాలు. ఆడిట్ స్కీమాకు వేరే సొంతదారు రోల్ (డేటాబేస్ ఖాతా) ఉండాలి, ఆ రోల్‌తో ఎవరూ రోజూ లాగిన్ అవ్వకూడదు. ట్రిగ్గర్ ఫంక్షన్‌ను ఆ రోల్ పేరున సెక్యూరిటీ డిఫైనర్‌గా రాసి, సెర్చ్ పాత్‌ను (పేర్లను ఏ స్కీమాల్లో వెతకాలో చెప్పే వరుసను) ఫంక్షన్‌లోనే బిగించండి. అప్పుడు అప్లికేషన్ యూజర్‌కు ఆడిట్ టేబుల్ మీద ఇన్సర్ట్ హక్కు కూడా అక్కర్లేదు. అప్‌డేట్, డిలీట్, ట్రంకేట్ (టేబుల్ మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేయడం) హక్కులు ఎవరికీ ఇవ్వొద్దు. ముఖ్యంగా చూసుకోండి: అప్లికేషన్ యూజరే అసలు టేబుల్స్‌కు సొంతదారుగా ఉంటే ఆల్టర్ టేబుల్‌తో ట్రిగ్గర్‌ను డిసేబుల్ చేయగలడు, పని కానిచ్చుకుని మళ్లీ ఎనేబుల్ చేయగలడు. చిన్న ఆఫీసుల్లో నూటికి తొంభై చోట్ల అలాగే ఉంటుందని నా అనుభవం, ఎందుకంటే టేబుల్స్ సృష్టించింది ఆ యూజరే. సొంతదారును మార్చండి.

సూపర్ యూజర్‌ను (అన్ని హక్కులూ ఉన్న ఖాతాను) మాత్రం డేటాబేస్ లోపల ఏదీ ఆపలేదు. సెషన్ రెప్లికేషన్ రోల్‌ను రెప్లికాగా పెడితే ఆ సెషన్‌లో మామూలు ట్రిగ్గర్లు ఏవీ నడవవు. ఇక్కడ సూపర్ యూజర్ మీరే, అంటే లాగ్ మిమ్మల్ని కూడా చూడాలి. దానికి విరుగుడు లాగ్ కాపీ మీ చేతికి అందని చోట ఉండడమే. ప్రతి రాత్రీ ఆ రోజు ఆడిట్ ఎంట్రీలను ఫైల్‌గా తీసి, దాని ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్‌ను (ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్‌ను) షావుకారు గారి ఆడిటర్‌కు మెయిల్‌లో పంపేయండి. ఫైల్ వేరే ఊళ్లో ఉండే స్టోరేజ్‌కి వెళ్లాలి. వేరే ఊరు అని ఎందుకు నొక్కి చెప్తున్నానో పలాసలో మీకు వివరించక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటింది మీ దగ్గరే. కరెంటు లేని రోజులు, నీళ్లు చొరబడిన గదులు గుర్తుండే ఉంటాయి. ఎంట్రీకి ఎంట్రీ హ్యాష్‌తో గొలుసు కట్టమని కొందరు చెప్తారు. ఒకేసారి ఇద్దరు రాస్తున్నప్పుడు ముందు ఎంట్రీ ఏదో తేల్చడానికి ఒకరి కోసం ఒకరు ఆగాల్సి వస్తుంది. మీ స్థాయికి రాత్రి ఫైల్, దాని హ్యాష్ చాలు.

ట్రిగ్గర్‌కు కనిపించనివి కొన్ని ఉన్నాయి. ట్రంకేట్ చేస్తే రికార్డు ట్రిగ్గర్లు నడవవు, దానికి స్టేట్‌మెంట్ స్థాయిలో వేరే ట్రిగ్గర్ పెట్టాలి, లేదా ఆ హక్కే తీసేయాలి. నేనైతే హక్కు తీసేస్తాను. ఎవరు చూశారన్నది, అంటే సెలెక్ట్, ట్రిగ్గర్‌కు తెలియదు. అది కావాలంటే పీజీ ఆడిట్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. రోల్‌బ్యాక్ అయిన (మధ్యలో రద్దయిన) ట్రాన్సాక్షన్‌తో పాటు ఆడిట్ ఎంట్రీ కూడా పోతుంది. జరగని మార్పు లాగ్‌లో ఉండదు కాబట్టి ఇది మంచిదే, కానీ ప్రయత్నించి విఫలమైనవాళ్ల జాడ దొరకదు.

నెమ్మదిస్తుందా అని అడిగారు. ఒక్కో బిల్లు సేవ్ అయ్యే చోట మనిషికి తేడా తెలియదు. లెక్క వేసుకోండి: రోజుకు 3,000 మార్పులు, ఒక్కోటి సుమారు ఒక కిలోబైట్ అనుకుంటే రోజుకు 3 మెగాబైట్లు, ఏడాదికి ఒక గిగాబైట్ పైచిలుకు. ఈ కాలం డిస్క్‌లకు ఇది లెక్కలోకి రాదు. బరువు పడేది మూకుమ్మడి మార్పుల దగ్గర. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 పప్పు గ్రేడ్‌లకు స్టాక్ ధరలు ఒక్కదెబ్బన 40,000 రికార్డుల్లో సవరిస్తే ట్రిగ్గర్ 40,000 సార్లు నడుస్తుంది. అలాంటి టేబుల్‌కు ట్రాన్సిషన్ టేబుల్స్ వాడండి, 10వ వెర్షన్ నుంచి ఉన్నాయి. స్టేట్‌మెంట్ ముగిశాక పాతవన్నీ ఒక టేబుల్‌గా, కొత్తవన్నీ ఒక టేబుల్‌గా చేతికి వస్తాయి, ఒక్క ఇన్సర్ట్‌తో లాగ్ రాయొచ్చు. ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్‌లకు మూడు వేర్వేరు ట్రిగ్గర్లు రాయాలి, అంతవరకే శ్రమ. ముందు మామూలు పద్ధతిలో పెట్టి, మీ మెషీన్ మీదే టైమ్ చూసి, అవసరమైతేనే ఇటు రండి. ఆడిట్ టేబుల్ మీద ఇండెక్స్‌లు (వెతకడాన్ని తేలిక చేసే సూచికలు) కూడా తక్కువే ఉంచండి. టేబుల్ పేరు, కీ, టైమ్ కలిపి ఒకటి, టైమ్ మీద బ్రిన్ రకం (తక్కువ జాగా పట్టేది) ఒకటి. జేసన్‌బీ మీద జిన్ రకం ఇండెక్స్ వేస్తే ప్రతి రాతకూ భారమే.

బొబ్బిలి వైపు ఒక రైస్ మిల్లులో నా చేతి మీదుగానే జరిగిన సంగతి చెప్తాను. ఆడిట్ టేబుల్‌ను అసలు డేటా ఉన్న డిస్క్‌లోనే పెట్టాను. ఇంకెవరో రాసిన సింక్ ప్రోగ్రామ్ ఒకటి అయిదు నిమిషాలకోసారి ప్రతి రికార్డునూ ఏ మార్పూ లేకుండా తిరిగి రాసేది. పాత, కొత్త పోల్చే షరతు నేను పెట్టలేదు. ధాన్యం సీజన్ మధ్యలో డిస్క్ నిండిపోయింది. ఆడిట్ ఇన్సర్ట్ విఫలమైతే అసలు ట్రాన్సాక్షన్ కూడా విఫలమవుతుంది కదా, కాటా ఆగిపోయింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లోడుతో వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. రైతులు వాటి మీదే పడుకున్నారు. నేను వెళ్లి డిస్క్ ఖాళీ చేసేసరికి తొమ్మిదయింది. ఆ తర్వాత కొందరు సలహా ఇచ్చారు, ఫంక్షన్‌లో ఎక్సెప్షన్‌ను మింగేయ్, లాగ్ పడకపోయినా వ్యాపారం నడుస్తుంది అని. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. మింగేస్తే లాగ్‌లో ఖాళీలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, సరిగ్గా ఆ ఖాళీలోనే ధర మారి ఉండొచ్చు. లాగ్‌ను వేరే డిస్క్‌లో పెట్టి, అది 70 శాతం నిండగానే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా చేశాను. డబ్బు టేబుల్స్‌లో సంతకం పడకపోతే దిద్దుబాటు కూడా పడకూడదు.

ఎంతకాలం ఉంచాలంటే, జీఎస్టీ లెక్కలకు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, కంపెనీ లెక్కల పుస్తకాలకు 8 ఆర్థిక సంవత్సరాలు. అందుకే టేబుల్‌ను మొదటి నుంచీ నెలవారీ పార్టిషన్‌లుగా (విడి ముక్కలుగా) పెట్టండి. కాలం తీరిన నెలను డిటాచ్ చేసి పక్కన పెట్టేయొచ్చు, లక్షల రికార్డుల మీద డిలీట్ కొట్టాల్సిన పని రాదు. వచ్చే నెల పార్టిషన్ ముందే తయారై ఉండాలి, లేదంటే ఒకటో తారీఖు పొద్దున్నే పైన చెప్పిన మిల్లు సంగతి మీ దగ్గరా జరుగుతుంది.

వేరే డేటాబేస్ వాడేవాళ్ల కోసం రెండు ముక్కలు. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఫారిన్ కీ క్యాస్కేడ్ (ఒక రికార్డు తీసేస్తే దానికి ముడిపడినవి వాటంతటవే పోవడం) వల్ల జరిగే డిలీట్‌లకు ట్రిగ్గర్లు నడవవు, క్యాస్కేడ్ తీసేసి డిలీట్‌లు మీరే రాసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ స్టేట్‌మెంట్‌కు ఒక్కసారే నడుస్తుంది, ఇన్సర్టెడ్, డిలీటెడ్ టేబుల్స్‌లో వంద రికార్డులు ఉండొచ్చు. ఒక్కటే ఉంటుందనుకుని రాస్తే మిగతా 99 లాగ్‌లోకి రావు. అక్కడే ఇంకోటి: అప్లికేషన్ కొత్త బిల్లు నంబర్‌ను రెండు ఎట్ గుర్తుల ఐడెంటిటీతో (@@IDENTITY, అంటే ఆ కనెక్షన్‌లో చివరగా పుట్టిన నంబర్) తీసుకుంటుంటే, ట్రిగ్గర్ పెట్టిన మర్నాటి నుంచి దానికి ఆడిట్ టేబుల్ నంబర్ వస్తుంది. స్కోప్ ఐడెంటిటీకి మార్చుకోవాలి.

చివరిగా, లాగ్ చదవడానికి షావుకారు గారికి జేసన్‌బీ చూపించకండి. బిల్లు పక్కన 'చరిత్ర' అని ఒక బటన్ పెట్టి, రెండు జేసన్‌బీల్లో తేడా ఉన్న కాలమ్‌లను మాత్రమే తీసి తెలుగులో చూపించండి. బస్తా ధర 11,200 నుంచి 11,800కి, ఫలానా వారు, ఏప్రిల్ 14 సాయంత్రం 6:42, కారణం ఇది. ఆ బటన్ గుమస్తాలందరికీ కూడా కనిపించనివ్వండి.

అన్నీ ఒక్కరోజులో పెట్టొద్దు. కొనుగోళ్లు, చెల్లింపులు, ఈ రెండు టేబుల్స్‌తో మొదలుపెట్టండి. ఇద్దరు మనుషులు రెండు కంప్యూటర్ల నుంచి ఒకే బిల్లును ఒకరి వెంట ఒకరు మార్చి చూడండి, పేర్లు తారుమారు కాకుండా పడ్డాయా అని. పూల్ పరిమాణాన్ని ఒకే కనెక్షన్‌కి తగ్గించి అదే పరీక్ష మళ్లీ చేయండి, తప్పు ఉంటే అప్పుడే దొరుకుతుంది. వారం సరిగ్గా నడిస్తే మిగతా పది టేబుల్స్‌కీ తగిలించండి. కానీ ఆ బ్యాకప్‌లు పోల్చే పని ఈ ఆదివారమే చేయండి. ఏ తేదీన మారిందో తేలాక, ఆ రోజు ఆ లాగిన్ ఎందరి చేతుల్లో ఉందో ఒక కాగితం మీద రాసి షావుకారు గారికి చూపించండి. గుమస్తా గారిని ఎవరూ ఏమీ అనకముందే ఆ కాగితం ఆయన ముందు ఉండాలి.